చల్లమన్నది నాలుగు చుక్కలే

"నీళ్ళు పోయమంది నాయనమ్మేనే," అన్నాడు మా అన్నయ్య.

"ముందు ఈ నీళ్ళు తాగు," అన్నాను నేను.

మా ఇద్దరి మధ్యా ఆఖరి మాటలు అవే. నందిగామలో ఆసుపత్రి మంచం మీద పడుకుని, ఉన్నట్టుండి నా మణికట్టు పట్టుకుని ఆ మాటన్నాడు. పక్కన వాళ్ళ కోడలు నిలబడి ఉంది. ఏ నీళ్ళు, ఎవరు పోశారు అని ఆ పిల్ల అడగలేదు. జ్వరంలో ఏదో పేలుతున్నాడనుకుంది. ఏ నీళ్ళో నాకు తెలుసు. గ్లాసు పెదాలకి ఆనిస్తే రెండు గుక్కలు తాగి అటు తిరిగి పడుకున్నాడు. తెల్లారేసరికి పోయాడు.

పోయినవాళ్ళ మీద మాట అనకూడదంటారు. సంవత్సరీకం పెట్టేదాకా నేనూ ఊరుకున్నాను. ఇంక ఊరుకోను.

ఇది రాస్తున్నది వాడి మనవరాలే. వరసకి నన్ను అమ్మమ్మా అంటుంది. నాకు రాయడం రాదు. సంతకం పెడతాను, బస్సు మీద బోర్డు కూడబలుక్కుంటాను, అంతవరకే. ఎందుకు రాలేదో అదీ ఇందులోనే వస్తుంది.

ఈ పిల్ల ఇక్కడ నందిగామలోనే గిటారు నేర్చుకుంటోంది. కాలేజీ నుంచి వచ్చి క్లాసుకి పోతుంది, మళ్ళీ ఇంటికొచ్చి తలుపేసుకుని సాధన చేస్తుంది. వాళ్ళమ్మ ఒక్కనాడు కూడా విసుక్కోదు, పైగా పాలు కలిపి తలుపు దగ్గర పెట్టొస్తుంది. మొన్నొక రోజు నా దగ్గరికి ఒక ఉక్కు ముక్క పట్టుకొచ్చింది.

"అమ్మమ్మా, ఇది మా వంటింట్లో వెల్లుల్లి నలిపే ముక్క. మా గిటార్ సార్ చూసి, ఇది గిటార్‌ది, పాతకాలంది, మీ ఇంట్లోకి ఎలా వచ్చిందని అడిగారు. తాతయ్యకి గిటార్ వచ్చా?"

తీసుకుని వాసన చూశాను. ఎన్నేళ్ళ వెల్లుల్లో, ఉక్కులోకి దిగిపోయింది. బొటనవేలంత ఉంటుంది, రెండు పక్కలా గాడి. ఎడమచేత్తో పట్టుకున్నాను. వేళ్ళు వెళ్ళి ఆ గాడిలో కూర్చున్నాయి, చెప్పక్కర్లేకుండానే.

"మీ తాతయ్యకి రాదు. నాకు వచ్చు," అన్నాను.

"నీకా!" అని ఇంత నోరు తెరిచి నవ్వింది.

నవ్వింది కదా. ఇప్పుడు రాయమన్నాను.

మా పుట్టిల్లు జగ్గయ్యపేట. మిరప, పత్తి వేసేవాళ్ళం. కింద వసారా నిండా మిరపకాయల బస్తాలు, పెరట్లో ఆరబోసిన కాయలు. ఎండాకాలం మా ఇంటికొచ్చిన చుట్టం గడపలో తుమ్మకుండా లోపలికి అడుగుపెట్టలేదు. మాకు ఆ ఘాటు తెలిసేది కాదు. అన్నంలో, దుప్పట్లో, నాయనమ్మ చీర కొంగులో అదే వాసన. తొడిమలు తీసే రోజుల్లో ఇంట్లో ఆడవాళ్ళందరి చేతులూ మండుతూనే ఉండేవి. ఆ రోజుల్లో నన్ను బడికి పంపేవాళ్ళు కారు. అన్నయ్యని పంపేవాళ్ళు.

మేడ మీద గది అద్దెకిచ్చాడు మా నాన్న. బ్యాంకులో పనిచేసే ఆయన, ఆయన భార్య దిగారు. పిల్లలు లేరు. ఆవిడ తెలుగు మనిషే గానీ పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్‌లో. వాళ్ళ నాన్న అక్కడ రైలింజన్ తోలేవాడట. మేము అత్తయ్యగారూ అని పిలిచేవాళ్ళం. ఆవిడ ఆవనూనెతో వండేది. పోపు వేస్తే చాలు, కింద మా నాయనమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది.

"ఏం నూనెమ్మా అది? ఎద్దు పుండుకి రాసేదా?"

"ఒకసారి తిని చూడండి పిన్నిగారూ, మీ మిరపకాయ కంటే మంచిదే," అని మేడ మీంచి నవ్వేది ఆవిడ.

ఆవిడ సామాన్లలో ఒక నల్ల పెట్టె ఉంది. అందులో గిటారు. ఎవరో దొర దేశం వదిలిపోతూ అమ్ముకుంటే వాళ్ళ నాన్న కొని కూతురికిచ్చాడట. పెట్టె మూత తీస్తే కలప వాసన, కలరా ఉండల వాసన. లోపల మెత్తని ఎర్రగుడ్డ. మా ఇంట్లో పసిబిడ్డకి కూడా అలాంటి పక్క లేదు.

ఇప్పుడీ పిల్ల గిటారుని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు గుండెకి ఆనించి వాయిస్తుంది. అది అలా కాదు. ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టాలి. కుడిచేతి వేళ్ళకి ఇత్తడి గోళ్ళు తొడుక్కుని మీటాలి. ఎడమచేత్తో ఈ ఉక్కు కడ్డీని తీగల మీద జరపాలి. తీగ నొక్కేది లేదు, జరపడమే. అప్పుడది మనిషి మూలిగినట్టు పలుకుతుంది. ఆవిడ సాయంత్రం పూట వాయిస్తుంటే మా కూలివాళ్ళు తొడిమలు తీయడం ఆపి పైకి చూసేవాళ్ళు. పైన ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగిందొకావిడ.

మా ఇద్దరికీ నేర్పుతానంది. మా నాన్న సరేనన్నాడు. అన్నయ్య నాకంటే రెండేళ్ళు పెద్ద. పొద్దున పాలు కాచాక ఒక పాఠం, సాయంత్రం దీపాలు పెట్టకముందు సాధన. ముందు చేతులు చూపించాలి. మిరపకాయ ముట్టుకుంటే మజ్జిగతో, సున్నిపిండితో కడుక్కుని రావాలి. నా చేతులు రోజూ రెండుసార్లు కడిగించేది. "తీగకి కళ్ళుంటాయే, మండుతుంది," అనేది.

"చేటలో బియ్యం ఏరుతున్నట్టు కూర్చో. నడుం వంచకు. కడ్డీతో అదమకు, పాల మీద మీగడ తీస్తున్నట్టు జరుపు."

మొదట్లో పాటా లేదు, పల్లవీ లేదు. ఒకటే తీగ. ఈ గీత నుంచి ఆ గీతకి కడ్డీ జరపాలి, మళ్ళీ వెనక్కి రావాలి, కళ్ళు మూసుకుని. గీత దాటి రవ్వంత జరిగినా "ఊఁ" అనేది, అంతే, తిట్టేది కాదు. అన్నయ్యకి ఒళ్ళు మండిపోయింది.

"ఇదేం నేర్చుకోడం అత్తయ్యగారూ? ఇల్లలికినట్టుంది."

"అలకడమేరా అబ్బాయ్. రోజూ అలికితేనే నేల నున్నగా ఉంటుంది."

"అయితే దానికి నేర్పండి. అలికేది అదేగా."

వాడన్నది నిజమే. నాకు ఇల్లలకడం వచ్చు. అరచెయ్యి ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలో చేతికే తెలుస్తుంది. అందుకే ఆ తీగ నాకు పట్టుబడింది. వాడు కడ్డీని అదిమేవాడు, తీగ కీచుమనేది.

అప్పుడు మేం మంచిగానే ఉండేవాళ్ళం. ఒకసారి వాడు ఇత్తడి గోళ్ళు తొడుక్కుని, మధ్యాహ్నం కునుకు తీస్తున్న నాయనమ్మ వెనక చేరి చెవి మీద గీకాడు. ఆవిడ "పిల్లి! పిల్లి!" అని లేచి చీపురు తీసుకుని ఇల్లంతా వెతికింది. మేమిద్దరం మిరప బస్తాల వెనక దూరి నవ్వు ఆపుకోలేక, బస్తాల దుమ్ము ముక్కులోకి పోయి తుమ్మి దొరికిపోయాం. నన్ను రెండు బాదింది. వాణ్ణి "వెధవా" అని బుగ్గ గిల్లింది.

అత్తయ్యగారు మాకు మొట్టమొదట నేర్పింది పాట కాదు, జాగ్రత్తలు. గిటారుని గోడకి ఆనించకూడదు. ఎండలో పెట్టకూడదు. తడి చేత్తో ముట్టుకోకూడదు. నీళ్ళు తగలనే కూడదు. లోపల పలకల్ని జిగురుతో అతికించారు, నీళ్ళు పోతే విడిపోతుంది, మళ్ళీ అతికేది కాదు. ఇవన్నీ మా ఇద్దరి చేతా ఎక్కాల్లాగా అప్పజెప్పించేది. వాయించడంలో వెనకబడ్డాడు గానీ వీటిని అన్నయ్య నాకంటే గట్టిగా అప్పజెప్పేవాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఒక చలికాలం గడిచింది. నా చేతికి ఒక పాట పూర్తిగా వచ్చింది. ఆవిడ కళ్ళు మూసుకుని విని, మా నాన్న భోంచేస్తుంటే వచ్చి నిలబడింది.

"అన్నయ్యగారూ, విజయవాడ రేడియోలో ఆదివారాలు పిల్లల కార్యక్రమం వస్తుంది కదా. అక్కడ నాకు తెలిసినావిడ ఉంది. మీ అమ్మాయిని తీసుకెళ్తానండి. దీని చెయ్యి చాలా నెమ్మదైంది. వాయించాల్సిన పిల్ల."

మా నాన్న ముద్ద నోట్లో పెట్టుకుని, "పోనీలెండి, సరదా పడుతోందిగా, తీసుకెళ్ళండి," అన్నాడు.

"రేడియోలో ఇది మూలుగుతుంటే వినడానికి సంబంధాల వాళ్ళు బారులు తీరతారా?" అంది నాయనమ్మ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"మరి నేనో?" అన్నాడు అన్నయ్య.

"నీ చెయ్యి గట్టిదిరా బాబూ. నువ్వు చదువుకో," అంది అత్తయ్యగారు. మంచిగానే అంది. వాడు కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు.

ఎండలు ముదిరాక ఆవిడ తమ్ముడి పెళ్ళికని ఖరగ్‌పూర్ ప్రయాణమైంది. గిటారు నాకప్పగించింది. "రోజూ సాధన చెయ్యి. ఒక్కపూట తప్పినా చెయ్యి మర్చిపోతుంది. నేనొచ్చిన వారమే విజయవాడ," అంది. మా ఇద్దరినీ నిలబెట్టి జాగ్రత్తలన్నీ మళ్ళీ చెప్పించుకుంది. నీళ్ళ సంగతి అన్నయ్యే చెప్పాడు. నేను విన్నాను.

నేను వసారాలో కూర్చుని వాయించుకునేదాన్ని. ఒకనాడు పొద్దున అలాగే వాయించుకుంటుంటే, అమ్మ దగ్గరికొచ్చి నా పరికిణీ చూసి నోటి మీద చెయ్యేసుకుంది. నాకేమీ తెలియదు. ఒళ్ళో గిటారు, చేతిలో కడ్డీ. నన్ను లేవనియ్యలేదు. "కదలకు, ఏదీ ముట్టుకోకు," అంది. నాయనమ్మ వచ్చి చూసి, "పెద్దమనిషైంది," అని పెరటి వైపు గదిలో మూలన చాప పరిచి కూర్చోబెట్టింది. చాప ముందు రోకలి అడ్డంగా పడుకోబెట్టింది. అది దాటకూడదు. స్నానం పోసేదాకా ఇంట్లో మగవాళ్ళు నా మొహం చూడకూడదు, నేను వాళ్ళ మొహం చూడకూడదు. మా నాన్న అటువైపే రాలేదు.

అప్పుడు ఒంటి మీదున్న బట్టలూ, కూర్చున్న చాపా చాకలామెకి ఇచ్చేస్తారు. మరి గిటారు? పొద్దుటి నుంచీ నా ఒళ్ళోనే ఉంది కదా. దానికీ మైలే.

"పరాయి సొమ్ము, ఇచ్చెయ్యడానికి లేదు," అని నాయనమ్మ కాసేపు ఆలోచించింది. తర్వాత పెరట్లోకి చూసి అన్నయ్యని కేకేసింది. "ఒరేయ్, పసుపునీళ్ళు నాలుగు చుక్కలు దాని మీద చల్లి, పెట్టెలో పెట్టి మూతేసెయ్యి."

చల్లమంది. నాలుగు చుక్కలంది. ఈ చెవులతో విన్నాను. ఆవిడ మొండిది, నోరు మంచిది కాదు, అయినా పరాయివాళ్ళ వస్తువంటే భయం.

గది తలుపు ఓరగా ఉంది. రోకలి మీంచి పెరడు కనిపిస్తోంది. అన్నయ్య బావి దగ్గర బకెట్ నింపాడు. గుప్పెడు పసుపు వేశాడు. గిటారుని బట్టలుతికే బండ మీద వెల్లకిలా పెట్టాడు, మధ్యనున్న గుండ్రటి రంధ్రం పైకి ఉండేలాగా.

"అన్నయ్యా! నీళ్ళొద్దు! అన్నయ్యా!"

వాడు ఇటు తిరిగాడు. నా మొహం చూడకూడదు, చూశాడు. నవ్వలేదు. నవ్వి ఉంటే ఆకతాయితనం అనుకుని ఎప్పుడో మర్చిపోయేదాన్ని. నన్నే చూస్తూ బకెట్ ఎత్తి ఆ రంధ్రంలోకి పోశాడు. కడుపులోకి నీళ్ళు దిగిన చప్పుడు, గుడగుడమని. పోసి ఊరుకోలేదు, ఇంకోటి తోడాడు.

నేను లేచాను. రోకలి దాటబోయాను. నాయనమ్మ నా జడ పట్టుకుని వెనక్కి లాగింది. అప్పుడే దంచిన చిమ్మిలి ముద్ద నా నోట్లో కుక్కింది. "అరవకే ముండా, మగపిల్లాడున్నాడక్కడ! తిను, నడుముకి బలం." నువ్వులూ బెల్లమూ నోరంతా అంటుకుపోయి నాకు మాట రాలేదు. ఆమె వీపు పెరటి వైపుంది. అక్కడ జరిగేది ఆమెకి కనపడలేదు. ఈనాటిదాకా నువ్వుల ఉండ నాలిక మీద పెట్టలేదు నేను. చుట్టాలిళ్ళలో పెడితే పళ్ళు బాగాలేవంటాను.

నీళ్ళు వంపేసి, దాన్ని తీసుకెళ్ళి మిరపకాయల మధ్య ఎండలో బోర్లా పెట్టాడు. నేను మూలన కూర్చుని విన్నాను. మధ్యాహ్నానికి టప్‌మని ఒక తీగ తెగింది. తర్వాత పలక లేచిన చప్పుడు, ఎండు కాయ చిట్లినట్టు. ఎవరూ చూడకముందే దాన్ని పెట్టెలో పెట్టి, మూతేసి, మేడ మీద పెట్టొచ్చాడు. పేరంటాళ్ళు వచ్చి నాకు హారతిచ్చి పాటలు పాడుతున్నారు. అమ్మలక్కలంతా "పిల్ల భయపడి ఏడుస్తోంది, మొదట్లో అంతేలే," అనుకున్నారు.

అత్తయ్యగారు వచ్చేసరికి నాకు స్నానం అయిపోయింది. కొత్త పరికిణీలో ఉన్నాను. నా కోసం ఏదో పాల మిఠాయి తెచ్చింది. పైకి వెళ్ళి పెట్టె తెరిచింది. తర్వాత దాన్ని రెండు చేతుల్లో పెట్టుకుని కిందికి దిగింది. పై పలక అప్పడంలా పొంగి లేచిపోయింది. తీగల్ని పట్టి ఉంచే చెక్క ఊడి వేలాడుతోంది. అంతా పసుపు మరకలు.

"ఎవరు చేశారిది?" అంది. అరవలేదు.

"మైలైందని... నాయనమ్మ నీళ్ళు పొయ్యమంది," అన్నాడు అన్నయ్య, నేల చూస్తూ.

నాయనమ్మ తల తిప్పి వాడి మొహం చూసింది. ఆ చూపు నేను చూశాను. అంతా అర్థమైంది ఆవిడకి. నోరు తెరిచి, "అవునమ్మా, నేనే పొయ్యమన్నాను. మాకేం తెలుసు, మోటు మనుషులం," అంది. మనవడి మాట నిలబెట్టడానికి ముసలిది తన నెత్తిన వేసుకుంది. నేను నోరు తెరిచేలోపు నా వైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపు ముందు ఏ ఆడపిల్లా మాట్లాడదు.

మా నాన్న కొత్తది కొనిస్తానన్నాడు. "ఇది మా నాన్న ఇచ్చిందండి," అంది ఆవిడ, అంతే. తర్వాత నా దగ్గరికొచ్చి మెల్లిగా అడిగింది.

"నువ్వైనా చెప్పలేదుటే, నీళ్ళు తగలకూడదని?"

అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది. గిటారు పోతే పోయింది. నేను చెప్పలేదనుకుని వెళ్ళిపోయింది ఆవిడ. ఆ వేసవిలోనే బదిలీ చేయించుకుని వెళ్ళిపోయారు. విజయవాడా లేదు, రేడియో లేదు. పెద్దమనిషైన పిల్లకి బడెందుకని అదీ మాన్పించారు. నా చేతిలో మిగిలిపోయిన కడ్డీని నాయనమ్మ చింతపండుతో తోమి వంటింట్లో పెట్టింది, వెల్లుల్లికి బాగుంటుందని. అన్నయ్య నందిగామ కాలేజీలో చేరాడు. తర్వాత ఇక్కడే కాపురం పెట్టినప్పుడు ఆ వంటింటి సామానుతో పాటు కడ్డీ కూడా వాడింటికి చేరింది.

నన్ను నందిగామలోనే ఇచ్చారు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి మా ఆయనతో నాకు గిటారు వచ్చని చెప్పాను. "వీణంటే నమ్ముతానేమో," అన్నాడు. ఆయన మంచివాడే. ఆయనకి చెవికింపైన సంగీతం మా వాకిట్లో ఆగే బస్సు హారనొక్కటే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు నేను.

అన్నయ్య మాత్రం ఎత్తాడు. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో పదిమంది చేరితే చాలు. "మా నాయనమ్మ సంగతి విన్నారా? గిటారుకి మైలని తలంటి పోయించింది!" అనేవాడు. విరగబడి నవ్వేవాళ్ళు. ఆ నాయనమ్మ పోయి ఎన్నేళ్ళో అయింది, అడిగే దిక్కులేదు. నేను కాఫీ గ్లాసులు అందిస్తూ అక్కడే ఉండేదాన్ని. "ఏమే, అంతేగా?" అని నన్నే అడిగేవాడు. అంతే అనేదాన్ని. పుట్టిల్లు అంటే వాడే కదా. మా ఆయన పోయినప్పుడు పుట్టింటి చీర తెచ్చింది వాడే, నెలనెలా మందులు తెచ్చిందీ వాడే. చెడ్డవాడని చెప్పను. చెడ్డవాడైతే ఎప్పుడో కడిగేసేదాన్ని.

ఆసుపత్రిలో చెబుతాడనుకున్నాను. చెయ్యి పట్టుకుంటే, ఇప్పటికైనా అంటాడనుకున్నాను. అప్పుడూ నాయనమ్మనే ముందుకు తోశాడు.

ఈ పిల్ల బకెట్ దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆపేసింది.

"తాతయ్య అలా చెయ్యడు అమ్మమ్మా. నీకు సరిగ్గా గుర్తులేదేమో."

"గుర్తుంది. రాయి."

"చిన్నప్పుడు కదా. తెలీక చేసుంటాడు."

"నీళ్ళు తగలకూడదని అప్పజెప్పింది వాడే. రాయి."

తల దించుకుంది. తర్వాత రాసింది. ఏం రాసిందో నాకు తెలియదు.

ఇందాక దాని గిటారు తీసుకుని ఒళ్ళో పడుకోబెట్టుకున్నాను. ఇవాళ్టివాటికి తీగలు చెక్కకి మరీ దగ్గర. కడ్డీ ఆనిస్తే కింద తగిలి గరగరమంది. చిన్నగా, బరువు ఆనించకుండా, మీగడ తీసినట్టు జరిపాను. ఒక్కసారి, ఒకే ఒక్క తీగ మీద, ఆ మూలుగు వచ్చింది. ఈ పిల్ల నవ్వలేదీసారి. నా ఎడమచేతినే చూస్తూ ఉండిపోయింది. నా చెయ్యి గీత దాటి పోయింది, ఆగాల్సిన చోట ఆగలేదు. "ఊఁ" అనడానికి ఆవిడ లేదు.

సరేనమ్మా, అయిపోయింది. ఇప్పుడు మొదటి నుంచి చదువు. గట్టిగా చదువు, ఆ బకెట్ దగ్గర గొంతు తగ్గించకు. అక్కడ మీ తాతయ్య అని రాశావో, నాయనమ్మ అని రాశావో నీ గొలుసుకట్టు రాతలో నేను పోల్చుకోలేను. వింటే తెలుస్తుంది. చదువు తల్లీ.